పేరు ఒకరిది, చెయ్యి ఒకరిది: కథకు గింజ వెతికే పద్ధతి

కథ రాయాలనుకునేవాళ్లు మొదట అడిగేది ‘దేని మీద రాయాలి?’ అని. నల్లగొండ, పాలమూరు వైపు ఈ ప్రశ్నకు జవాబులు ముందే తయారుగా ఉంటాయి. ఫ్లోరైడ్ మీద, వలస మీద, కరువు మీద, చేనేత మీద. నాలుగూ వరుసగా నాలుక మీదికి వచ్చేస్తాయి. అవన్నీ విషయాలు. విషయంతో వ్యాసం రాయొచ్చు, మైకు ముందు ఉపన్యాసం ఇవ్వొచ్చు. కథ మాత్రం కదలదు. వలస అనేది బస్సెక్కదు, అప్పు తేదు, అత్తకు అబద్ధం చెప్పదు. అవన్నీ చేసేది మనిషి.

కాబట్టి గింజ అంటే ఒక మనిషి, ఆ మనిషి ఏదో ఒకటి చెయ్యక తప్పని ఒక ఇరుకు. ఆ ఇరుకును వెతకడానికి మన ఊళ్లల్లో బాగా పనిచేసే ప్రశ్న ఒకటుంది. ఇది ఎవరి పేరు మీద ఉంది, ఎవరి చేతి మీద నడుస్తోంది? భూమి, బోరు, మగ్గం, రేషన్ కార్డు, బ్యాంకు లోను, చివరికి బడికి పోయే పిల్లగాడు, దేన్నైనా పట్టుకుని ఈ ప్రశ్న అడగొచ్చు. పేరూ చెయ్యీ ఒక్కరివే అయితే ముందుకు పోండి. వేరువేరు అయితే అక్కడ ఆగండి.

నోటుబుక్కులో ఏం రాయాలి

నెల రోజులు, రోజుకు పది నిమిషాలు, నాలుగే నాలుగు వరుసలు. ఉత్సాహం కొద్దీ పేజీలు నింపితే పదో రోజుకే మానేస్తారు. మొదటి వరుసలో ఆ రోజు కంటపడ్డ ఒక వస్తువు. రెండో వరుసలో అది ఎవరి పేరు మీద ఉందో. మూడో వరుసలో దాన్ని నడిపే చెయ్యి ఎవరిదో. నాలుగో వరుసలో చెవిన పడ్డ ఒక మాట, అన్నది అన్నట్టే. ‘లోను ఆయన పేరు మీద, బ్యాంకుల పెట్టింది నా పుస్తెలతాడు’ అని ఒకామె అంటే అట్లాగే రాయండి. దాన్ని ‘భర్త రుణానికి భార్య బంగారం తాకట్టు’ అని దిద్దితే పేపర్లో వార్త మిగులుతుంది, ఆమె గొంతు పోతుంది.

ధర వినపడితే తేదీతో సహా రాసుకోండి. నాటు కూలి ఎంత, ట్రాక్టర్ దున్నకానికి గంటకు ఎంత, బోరుకు ఫీటుకు ఎంత, కేసింగ్‌కు విడిగా ఎంత. ఇవాళ అందరికీ తెలిసిన అంకెలే. పదేళ్ల తర్వాత మీరు ఈ సంవత్సరం గురించి కథ రాస్తుంటే మాత్రం ఒక్కరూ ఖాయంగా చెప్పలేరు.

ఈ నోటుబుక్కులు పాడయ్యేది ఒకే రకంగా. రెండో వారానికల్లా వాటిలో ‘బాధ’, ‘దైన్యం’, ‘సమాజం మారాలి’ అనే మాటలు చేరుతాయి. అవి రాసినవాళ్ల అభిప్రాయాలు, ఊరి సంగతులు కావు. రాసిన ప్రతి వరుసా ఫొటో తీయగలిగేదై ఉండాలి, లేకపోతే చెవితో వినగలిగేదై ఉండాలి. రెండూ కాకపోతే కొట్టేయండి.

ఎక్కడ కూర్చోవాలంటే, జనం ఎదురుచూసే చోట. పనిలో ఉన్న మనిషి మాట్లాడడు, పని కోసం ఆగిన మనిషి మాట్లాడతాడు. తహసీల్ ఆఫీసు వరండా, మీసేవ ముందున్న చెట్టు నీడ, దవాఖాన బయటి బెంచీ, బస్టాండు, నల్లగొండలో బత్తాయి మార్కెట్. అన్నిటికంటే మంచిది వానకాలం పంట, యాసంగి పంట చేతికొచ్చినప్పుడు పెట్టే వడ్ల కొనుగోలు కేంద్రం. తేమ 17 శాతం దాటితే కాంటా వెయ్యరు కాబట్టి రైతులు రోజుల తరబడి కుప్పల దగ్గరే ఉంటారు. గన్నీ సంచులు రాలేదని, లారీ రాలేదని, తాలు ఉందన్నారని మాట్లాడుకుంటూనే ఉంటారు. కౌలు రైతు తన వడ్లను పట్టాదారు పాస్‌బుక్కు మీద అమ్ముకుంటే డబ్బులు పడేది పట్టాదారు ఖాతాలో. అంటే మీ ప్రశ్నకు జవాబు అక్కడ కుప్పలు కుప్పలుగా పోసి ఉంటుంది. ఫోన్‌లో ఎవరి మాటలూ దొంగచాటుగా రికార్డు చెయ్యొద్దు. మర్యాద సంగతి అటుంచితే, రికార్డు ఉందన్న ధీమాతో చెవి పని మానేస్తుంది.

ముప్పైలో ఇరవై ఏడు కొట్టేయడం

నెల నిండాక ముప్పై నమోదులు ఉంటాయి. వాటిని నాలుగు ప్రశ్నలతో జల్లెడ పట్టాలి. పేరుకూ చెయ్యికీ తేడా ఉందా? ఆ తేడా నలుగురిలో బయటపడే రోజు ఒకటి ఉందా? ఆ రోజు ఎవరో ఒకరు నోరు తెరవాలా మూసుకోవాలా అని తేల్చుకోవాల్సి వస్తుందా? ఏది తేల్చుకున్నా ఆ మనిషికి ఏదో ఒకటి పోతుందా?

ఎక్కువ గింజలు పోయేది రెండో ప్రశ్న దగ్గర. అన్యాయం ఉంటుంది, ఏళ్లుగా నడుస్తుంటుంది, కాని దానికి తారీఖు ఉండదు. తారీఖు లేని కష్టాన్ని కథ చేయబోతే ‘రోజూ ఇట్లాగే ఉండేది’ అనే వాక్యాలతో ఆరు పేజీలు నిండుతాయి. పెళ్లిచూపులు, పంపకాల పంచాయితీ, సర్వే గొలుసు వేసే రోజు, ఓటరు చీటీలు పంచే రోజు, బోరు మిషన్ వచ్చిన రాత్రి, ఇట్లాంటి రోజు దొరికేదాకా ఆ గింజను పక్కన పెట్టండి.

జల్లెడ ఎట్లా పనిచేస్తుందో కొన్ని చూద్దాం.

పోచంపల్లి, పుట్టపాక వైపు ఇక్కత్ చీరకు దారాన్ని ముందు ఆసు మీద పోయాలి. అర్ధచంద్రాకారంలో మేకులు, వాటి చుట్టూ ఒక్కో పోగును చేత్తో తిప్పుకుంటూ పోవాలి. ఒక్క చీరకు నాలుగైదు గంటలు, చెయ్యి వేల సార్లు అటూ ఇటూ కదలాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లది. నేత పేరు మగ్గం మీద కూర్చున్నాయనది. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. కొత్తగా రాసేవాళ్లు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. తల్లి నొప్పి, కొడుకు పట్టుదల, యంత్రం, తల్లి కళ్లల్లో నీళ్లు. అది ఆయన జీవితం, జరిగిపోయింది, అందరికీ తెలుసు. అందులో మీరు కల్పించడానికి చోటు లేదు. మీ చోటు ఆ తర్వాత ఉంది. యంత్రం వచ్చిన ఇంట్లో రోజుకు నాలుగైదు గంటలు ఖాళీ అయ్యాయి. ఆ గంటలు ఎవరివి? పక్కింటివాళ్ల నూలు కూడా పోసిపెట్టి కూలి తేవాలని అత్త అంటుంది. కోడలు ఆగిపోయిన డిగ్రీ పరీక్ష ఫీజు కట్టి వచ్చింది. పరీక్షకు తారీఖు ఉంది. నొప్పి ఉన్నప్పుడు లేని గొడవ నొప్పి పోయాక వచ్చింది. ఇది జల్లెడలో నిలుస్తుంది.

ఫ్లోరైడ్ సంగతి. మునుగోడు, మర్రిగూడ పేరెత్తగానే మొదటి ప్రతిలో ఒక వంగిపోయిన మనిషి నులక మంచం మీద ప్రత్యక్షమవుతాడు. ఆ ఫొటో పాఠకుడు వందసార్లు చూశాడు. జాలి పడతాడు, పేజీ తిప్పుతాడు. జాలి పక్కనపెట్టి ఆ జబ్బు ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోండి. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు రావాలంటే పళ్లు తయారయ్యే వయసులో, దాదాపు ఎనిమిదేళ్ల లోపు, ఆ నీళ్లు తాగి ఉండాలి. ఇరవై ఏళ్లకు కోడలుగా వచ్చినామెకు ఆ మచ్చలు రావు. ఎముకల బాధ మాత్రం ఏళ్ల తరబడి తాగితే ఎవరికైనా రావచ్చు. అంటే పన్ను ఒక రకంగా పుట్టిన ఊరి సర్టిఫికెట్. ‘నాకా ఊరితో సంబంధం లేదు’ అని చెప్పుకుని పట్నంలో బతికే మనిషి నవ్వితే దొరికిపోతాడు. పేరు పక్కన చెప్పుకునేది ఒక ఊరు, పన్ను చెప్పేది ఇంకో ఊరు. ఇక మంచం మీద ముసలాయన అక్కర్లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా కథలో రానక్కర్లేదు. నీళ్ల సీసా పట్టుకుని పరీక్ష కేంద్రం ముందు ఎవరో నిలబడితే తప్ప ఆ అంకెకు చోటు లేదు.

పాలమూరు వలసలో పేరూ చెయ్యీ విడిపోయేది అడ్వాన్సు దగ్గర. కూలీలను దూరం పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రి దగ్గర డబ్బు ముట్టింది తండ్రికి, పోయి పని చేయాల్సింది కొడుకూ కోడలూ. రోజు కూడా దొరుకుతుంది: బస్సెక్కే రోజు. కాని బస్సు కదిలే దృశ్యం, వెనక ఏడుస్తున్న పిల్ల, చెయ్యి ఊపుతున్న అవ్వ, ఇది చాలా అరిగిపోయింది. తిరిగి వచ్చే రోజు మీద తక్కువ మంది రాశారు. పీర్ల పండుగకు ఊరొచ్చిన తల్లిని చూసి మూడేళ్ల పిల్ల అవ్వ కొంగు చాటుకు పోతే, అవ్వ ఆ పిల్లను ముందుకు తొయ్యాలా, తన దగ్గరే ఉంచుకోవాలా? ఇక్కడ పిల్ల పేరు తల్లిది, చెయ్యి అవ్వది.

ఒక గింజను పూర్తిగా పెంచడం

ఇప్పుడు ఒకదాన్ని మొదటి నుంచి చివరి దాకా తీసుకుపోదాం. సాదాబైనామా.

ముందు అది ఎట్లా నడుస్తుందో రాసుకోవాలి, ఇంకా మనుషులు వద్దు. తెల్ల కాగితం మీద భూమి కొనుగోలు, ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రేషన్ లేదు. పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారు కాలమ్‌లో అమ్మినాయన పేరు, కాస్తు కాలమ్‌లో దున్నుకునేటాయన పేరు ఉండేవి. 2017లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళన తర్వాత వచ్చిన కొత్త పాస్‌బుక్కుల్లో ఆ కాస్తు కాలమ్ లేదు. 2018 మేలో రైతుబంధు, పంట పెట్టుబడికి సర్కారిచ్చే సాయం, మొదలైంది. ఎకరానికి పంటకు 4,000 రూపాయలు, మొదటిసారి చెక్కులు, ఊళ్లోనే పేరు పిలిచి ఇచ్చారు. పిలిచిన పేరు పాస్‌బుక్కులో ఉన్న పేరు.

చూడండి, తారీఖు ఉన్న రోజు దానంతటదే వచ్చి పడింది. నలుగురిలో, మైకులో, పేరు పిలిచే రోజు.

ఇప్పుడు అంకెలు. రెండెకరాల పది గుంటలు అనుకుందాం. నలభై గుంటలకు ఎకరం కాబట్టి రెండుంబావు ఎకరాలు, చెక్కు 9,000 రూపాయలది. ఈ మొత్తం కథకు సరిగ్గా సరిపోతుంది. ఆస్తి పోయేంత పెద్దది కాదు, వదిలేసేంత చిన్నదీ కాదు, విత్తనాలకూ ఎరువు సంచులకూ కావాల్సినంత. అదే ఇరవై ఎకరాలు పెడితే కథ కోర్టుకు పోతుంది, మీ చేతిలో ఉండదు.

తర్వాత మనుషులు. కొన్నది నర్సింహ, 1991లో. అమ్మినాయన చనిపోయాడు, విరాసత్, అంటే వారసుడి పేరుకు పట్టా మార్పిడి, కొడుకు సుధాకర్ పేరు మీద అయింది, కొత్త పాస్‌బుక్కు అతనిదే. సుధాకర్ హైదరాబాద్‌లో ఉంటాడు. ఇక్కడ మూడు దారులున్నాయి, మూడూ రాసి చూసుకోవాలి.

సుధాకర్‌కు ఆ అమ్మకం సంగతి అసలు తెలియదనుకుంటే అది అపార్థం. ఎవరో పది నిమిషాలు కూర్చోబెట్టి చెబితే తీరిపోతుంది. అన్నీ తెలిసి చెక్కు మింగేశాడనుకుంటే దుర్మార్గుడు. మొదటి పేజీలోనే పాఠకుడు అతణ్ణి తిట్టుకుంటాడు, మిగతా పేజీల్లో చేయడానికి ఏమీ ఉండదు. మూడో దారి: తెలుసు, మంచివాడు కూడా. చెక్కు మార్చి 9,000 నగదు తెచ్చి నర్సింహ చేతిలో పెట్టబోతాడు. ‘పెద్దనాయనా, ప్రతి పంటకు నేనే తెచ్చిస్త’ అంటాడు.

ఆ మంచితనమే ఇరుకు. డబ్బు తీసుకుంటే ‘భూమి అతనిది, దయతో ఇచ్చిండు’ అయిపోతుంది. వద్దంటే విత్తనాలకు పైసలు లేవు. జల్లెడలో నాలుగో ప్రశ్న ఇదే: ఏది తేల్చుకున్నా ఏదో ఒకటి పోవాలి. చెడ్డవాడితో తగాదా కంటే మంచివాడితో తగాదా రాయడం కష్టం. అందుకే అదే రాయాలి.

ఇంతవరకు వస్తే చాలామంది నర్సింహ వైపు నుంచి రాయడం మొదలుపెడతారు. ఆగండి. మొదటి ప్రశ్నను ఇంకోసారి, ఇంకొంచెం లోతుగా అడగాలి. పాస్‌బుక్కులో పేరు సుధాకర్‌ది. తెల్ల కాగితం మీద పేరు నర్సింహది. 1991లో ఆ భూమి కొన్న డబ్బు ఎవరిది? నర్సింహ భార్య యాదమ్మ కాళ్ల కడియాలు అమ్మితే వచ్చింది అనుకోండి. కలుపు తీసింది, నాట్లు వేసింది ఆమె. ఆమె పేరు పాస్‌బుక్కులో లేదు, తెల్ల కాగితం మీద కూడా లేదు. ఆ కాగితం మాత్రం ఆమె సందూకలో, పట్టుచీర మడతలో ఉంది. కథ ఎవరి వైపు నుంచి చెప్పాలో ఇప్పుడు తేలింది. ఈ ప్రశ్నను ఎప్పుడూ మూడు సార్లు అడగండి. మొదటిసారికి విషయం దొరుకుతుంది, రెండోసారికి తగాదా దొరుకుతుంది, మూడోసారికి ఎవరూ అడగని మనిషి దొరుకుతుంది.

వయసుల లెక్క రాసిపెట్టుకోండి. 1991లో యాదమ్మకు 25 అయితే 2018లో 52. 1991లో సుధాకర్‌కు 12, 2018లో 39. అంటే ఆ చేన్లో మామిడికాయలు కోసుకున్న గుర్తు అతనికి ఉండొచ్చు. యాదమ్మ అతనికి సల్ల పోసి ఉండొచ్చు. ఈ లెక్క వేసుకుంటే పాత్రల మధ్య సంబంధం తనంతట తనే బయటికొస్తుంది. వేసుకోకపోతే ఆరో పేజీలో ‘చిన్నప్పుడు’ అని రాసి తికమక పడతారు.

రెండు వేల మాటల కథకు నాలుగు దృశ్యాలు చాలు. చెక్కులు పంచే రోజుకు నాలుగు వందల మాటలు, ఆ రాత్రి ఇంట్లో విత్తనాల లెక్కకు మూడు వందలు, సుధాకర్ డబ్బు తెచ్చిన పొద్దుటికి ఏడు వందలు, సందూక తెరిచాక ఆరు వందలు. సాక్షిగా వేలిముద్ర వేసిన ముత్తయ్య దగ్గరికి నర్సింహ పోయి సలహా అడిగే ఐదో దృశ్యం ఒకటి రాయాలనిపిస్తుంది. రాయండి, తర్వాత తీసేయండి. అందులో జరిగేదేమీ ఉండదు, సాదాబైనామా అంటే ఏమిటో పాఠకుడికి చెప్పడానికే అది పుడుతుంది. ఆ సమాచారం రెండు వాక్యాలు దాటొద్దు, అదీ కోపంలో ఉన్న మనిషి నోటి నుంచి రావాలి. ‘కాగితం తెల్లగున్నదని భూమి గూడ తెల్లగైతదా?’ అని యాదమ్మ అంటే చాలు. మిగతాది పాఠకుడు పట్టుకుంటాడు. ఈ జిల్లాల్లో ఆ కాగితం గురించి విననివాళ్లు తక్కువ.

మొదటి వాక్యం 1991లో మొదలుపెట్టొద్దు. పేరు పిలిచిన క్షణంలో మొదలుపెట్టండి. ‘మైకులో పిలిచిన పేరుకు లేచి నిలబడ్డది వేరేటాయన.’ కడియాలు, కాగితం, పాత దోస్తీ అన్నీ తర్వాత, అవసరమైన చోట ఒక్కొక్క వాక్యంగా.

ముగింపులు మూడు రాయాలి. మొదట తోచేది దాదాపు ఎప్పుడూ చావే. నర్సింహ పురుగుల మందు డబ్బా వైపు చూస్తాడు. రైతు ఆత్మహత్య నిజంగా జరిగే ఘోరం. కాని ఇక్కడ దాన్ని పెట్టేది రాసేవాళ్లకు దారి తోచక. రెండోది సుధాకర్ కళ్లు తుడుచుకుని భూమి రాసిచ్చేస్తాడు. ఇది సంతోషంగానే ఉంటుంది గాని, నాలుగో ప్రశ్నను తుడిచేస్తుంది, ఎవరికీ ఏమీ పోలేదు. మూడోది మీరు పెట్టిన వస్తువుల్లోంచే రావాలి. యాదమ్మ డబ్బు ముట్టుకోదు. సందూకలోంచి కాగితం తెచ్చి అతని ముందు పరుస్తుంది. తండ్రి సంతకం చూసి సుధాకర్ మాట్లాడడు. ‘ఈ పైసలు మా భూమి మీద నీకొచ్చినయని దీని ఎనుక రాయి’ అంటుంది. అతను పెన్ను తీస్తాడు. అప్పుడు ఆమె ఇంకో మాట అంటుంది: ‘ముట్టినయి యాదమ్మకు అని రాయి.’ పక్కన నర్సింహ తలెత్తి చూస్తాడు. అక్కడ ఆపొచ్చు. సుధాకర్ రాశాడా లేదా అనేది మీకు తెలిసి ఉండాలి, కథలో చెప్పాల్సిన పని లేదు.

తారీఖులు తన్నేచోట

కథ కల్పన, కేలెండర్ కల్పన కాదు. 2018 మేలో జరిగే కథలో రైతుబీమా మాట రావొద్దు, అది ఆ ఆగస్టులో మొదలైంది. భూ రికార్డుల పోర్టల్ ధరణి అసలే రావొద్దు, అది 2020 అక్టోబర్ 29న వచ్చింది. అప్పటిదాకా వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, ఆ తర్వాత తహసీల్ ఆఫీసులో. 2025 ఏప్రిల్ నుంచి ధరణి స్థానంలో భూభారతి. 2016 అక్టోబర్ 11కు ముందు కథలో సూర్యాపేట జిల్లా, వనపర్తి జిల్లా, నాగర్‌కర్నూల్ జిల్లా అని రాస్తే తప్పు. నారాయణపేట 2019 ఫిబ్రవరి దాకా మహబూబ్‌నగర్‌లోనే ఉంది. మండలాలు 1985లో వచ్చాయి, అంతకుముందు తాలూకా, సమితి. పటేల్, పట్వారీలు ఊళ్లో పెత్తనం చేసే కథ 1980ల మధ్య తర్వాత పెట్టొద్దు, పాత పలుకుబడితో తిరిగే మాజీ పట్వారీ అయితే వేరే సంగతి.

పండుగల్లో పీర్ల పండుగ అందరినీ పడగొడుతుంది. అధికమాసం లేని హిజ్రీ చాంద్రమానం లెక్క కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2015లో అక్టోబర్ చివర్లో వచ్చింది, 2018లో సెప్టెంబర్ మూడో వారంలో, 2024లో జులైలో. ‘పీర్ల పండుగకు పత్తి ఏరడం మొదలైంది’ అనే వాక్యం ఒక ఏడు నిజం, ఇంకో ఏడు అబద్ధం. బతుకమ్మ, దసరాతో ఈ బాధ లేదు.

ఒక పేజీలో గీత గీసి పైన సంవత్సరాలు, కింద పాత్రల వయసులు, ఆ ఏడు ఊళ్లో జరిగినవి రాసుకుంటే అరగంట పని. శ్రీశైలం ముంపు, పెద్ద నోట్ల రద్దు లాంటివి ఎవరి ఏ వయసులో తగిలాయో కంటికి కనబడుతుంది. ఒక్కోసారి ఆ గీతే ఇంకో గింజ ఇస్తుంది.

యాస

దక్షిణ తెలంగాణ యాస అంటూ ఒకటి లేదు. కోదాడ, హుజూర్‌నగర్ మాటలో కృష్ణా, గుంటూరు గాలి తగులుతుంది. అలంపూర్, గద్వాల అటు కర్నూలుకు, ఇటు రాయచూరుకు దగ్గర. నారాయణపేట, మక్తల్‌లో కన్నడం ఇంట్లోనే ఉంటుంది. కరీంనగర్ వైపు ‘అచ్చిండు’ను తెచ్చి దేవరకొండ మనిషి నోట్లో పెడితే ఆ ఊరివాళ్లు అక్కడే పుస్తకం మూసేస్తారు. ఇక్కడ ‘వచ్చిండు’. తెలియని ప్రాంతం అయితే క్రియలు సాదాగా ఉంచి, పిలుపులూ వస్తువుల పేర్లూ మాత్రం సరిగ్గా పట్టుకోండి. సందూక, సల్ల, గటక, జొన్నరొట్టె, పెద్దనాయన. అవి ఉంటే యాస సగం వచ్చినట్టే.

ఇంకో తప్పు కూడా ఎక్కువే. జీతగాడు యాసలో మాట్లాడతాడు, టీచరు పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడతాడు. ఊళ్లో టీచరు కూడా ఇంటికొస్తే ‘బువ్వ పెట్టు’ అనే అంటాడు.

ఊరివాళ్లు గుర్తుపట్టకుండా

గింజ నిజం మనుషుల నుంచే వస్తుంది. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు, రెండు వందల గడపల ఊళ్లో ఎవరి పొలం ఏదో పిల్లలకు కూడా తెలుసు. పేరుతో పాటు కనీసం మూడు మార్చండి: వృత్తి, సంతానం లెక్క, ఆడ మగ. ఆ మార్పులు తగిలించినట్టు ఉండకూడదు, కథకు పనికొచ్చేవై ఉండాలి. కొన్నది అన్న అయితే తమ్ముడు చేయకండి, చెల్లెలు చేయండి. భూమిలో చెల్లెలి వాటా అనగానే తగాదా ఇంకో మెలిక తిరుగుతుంది. ఊరి పేరు కల్పించండి. నల్లగొండ వైపు గూడెం, పహాడ్, పాలమూరు వైపు పల్లి, దొడ్డి, తండా అని ముగిస్తే చెవికి నమ్మకంగా ఉంటుంది, కాని ఆ పేరు గల ఊరు నిజంగా లేదని ఒకసారి చూసుకోండి. మీకు నమ్మకంగా చెప్పుకున్న మాటను చెప్పినవాళ్ల అనుమతి లేకుండా మక్కీకి మక్కీ దించొద్దు.

పదిహేను రోజులు పక్కన

మొదటి ప్రతి అయ్యాక పదిహేను రోజులు ముట్టుకోకుండా ఉంచండి. తర్వాత గట్టిగా చదవాలి. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం పుస్తకంలోంచి వచ్చింది. ఎర్ర పెన్నుతో ‘పాపం’, ‘అమాయక’, ‘దీనంగా’ అనే మాటలు వెతికి కొట్టేయండి. వాటి చోట ఏమీ పెట్టకపోయినా కథ నిలబడితే అవి అక్కర్లేనివే. ఒకే కథలో ఫ్లోరైడ్, వలస, అప్పు, కట్నం అన్నీ దూరాయేమో చూడండి. ముడి ఒకటే ఉండాలి. మిగతావి ముప్పైలోంచి తీసేసిన ఇరవై ఏడు దగ్గరికి తిరిగి పోవాలి, అక్కడ వాటికి వేరే కథలున్నాయి.

చదివి వినిపించేది తోటి రచయితకు కాదు, ఆ పని తెలిసిన మనిషికి. సాదాబైనామా కథను దస్తావేజులు రాసేటాయనకు, ఆసు కథను ఆసు పోసే ఆమెకు. ‘ఎట్లుంది?’ అని అడిగితే ‘మంచిగుంది’ అంటారు, మర్యాదకు. మూడు ప్రశ్నలు అడగండి. ఎక్కడ నవ్వొచ్చింది? ఎక్కడ ‘ఇట్ల ఎవరు చేస్తరు’ అనిపించింది? ఆమె జాగల నువ్వుంటే ఏం చేస్తుంటివి? మూడో ప్రశ్నకు వచ్చే జవాబును మాత్రం వెంటనే, తేదీ వేసి, నోటుబుక్కు నాలుగో వరుసలో రాసుకోండి.